దరువు దారులు – 7: కింగ్‌స్టన్ బాకా, లష్కర్ డప్పు

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సౌత్ క్యాంప్ రోడ్డు మీద ఆల్ఫా అనే బడి ఉంది. 1880లో జెస్సీ రిపోల్ అనే ఆవిడ మరో ఇద్దరు స్త్రీలతో కలిసి కొన్న నేలలో అనాథల కోసం మొదలైంది. పదేళ్ల తర్వాత సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే క్యాథలిక్ సన్యాసినుల చేతికి వచ్చింది. దిక్కులేని పిల్లలకూ, దారి తప్పారని కోర్టు పంపిన పిల్లలకూ అక్కడ చేతిపనులు నేర్పేవారు. 1892లో డ్రమ్ములు, పిల్లనగ్రోవులతో చిన్న బ్యాండు కట్టారు. 1908లో జమైకా బిషప్పు ఇత్తడి బాకాలు ఇప్పించాడు. బాకా ఊదడం వచ్చిన పిల్లవాడికి కూటికి లోటుండదు. ఆ రోడ్డుకు పేరు తెచ్చిన అప్ పార్క్ క్యాంప్ అనే ఇంగ్లీషు దండు పక్కనే ఉంది, అక్కడి వెస్టిండియా రెజిమెంటు బ్యాండుకు ఊదేవాళ్లు కావాలి. 1927లో రెజిమెంటునైతే రద్దు చేశారు గానీ బ్యాండును వదులుకోలేక జమైకా మిలిటరీ బ్యాండు పేరుతో నిలుపుకున్నారు.

ఈ కథ సికింద్రాబాదు వాళ్లకు కొత్తగా అనిపించకపోవచ్చు. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత ఇంగ్లీషు పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండు సికింద్రాబాదయింది. జనం మాత్రం లష్కర్ అన్నారు, బోనాల నాడు ఇప్పటికీ అదే అంటారు. తిరుమలగిరి, బొల్లారం, పరేడ్ గ్రౌండ్స్ అంటూ విస్తరించిన ఆ దండులో పొద్దున లేస్తే బ్యూగిలు, ఆదివారం చర్చి పరేడు, సాయంత్రం మెస్సులో వాల్ట్జులు. 1874లో నిజాం రైలు వచ్చాక లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ల డాన్సులు దానికి తోడయ్యాయి. దేశంలో దండు ఉన్న ప్రతి ఊళ్లోనూ జరిగిందే ఇక్కడా జరిగింది: సైన్యపు బ్యాండు నుంచి క్లారినెట్టు, ట్రంపెట్టు, సైడు డ్రమ్ము మెల్లగా పెళ్లి ఊరేగింపులోకి దిగాయి. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, తలమీద టోపీ కూడా వాటితోపాటే వచ్చాయి. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గ్రెగరీ బూత్ అనే పరిశోధకుడు మన దేశపు బ్యాండు మేళాల మీద ఒక పుస్తకమే రాశాడు. పెళ్లిలో మనం తలెత్తి కూడా చూడని బ్యాండు మాస్టరు చరిత్ర ఎంత పెద్దదో అందులో తెలుస్తుంది.

ఇంతదాకా ఈ ధారావాహికలో మన ఊళ్ల చుట్టూ తిరిగాం. ఈ వారం సముద్రాలు దాటడానికి కారణం ఉంది. కింగ్‌స్టన్‌లోనూ మన జంటనగరాల్లోనూ సరుకు దాదాపు ఒకటే: దండు విడిచిన ఇత్తడి, ఆఫ్రికా నుంచి వచ్చిన తోలు. అక్కడ ఆ రెండూ కలిసి స్కా అనే సంగీతమయ్యాయి. దానికి కర్తలున్నారు, తేదీలున్నాయి, రికార్డులున్నాయి, ప్రపంచమంతా అభిమానులున్నారు. ఇక్కడ తీన్మార్ అయ్యాయి. దాని మీద ఆడనివాడు లేడు, దాని చరిత్ర చెప్పమంటే మాత్రం నోరు తెరిచేవాడు లేడు. ఎందుకిలా?

ముందు మన తోలు సంగతి. హైదరాబాదులో మాసాబ్‌ట్యాంకు దాటాక ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం నివాసం అది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికన్ అంగరక్షక దళం నిజాం కొలువులో చేరడంతో ఈ కథ ముడిపడి ఉంది. ఆ సిద్దీలూ, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ చావుష్ అరబ్బులూ కలిసి ఈ నగరానికి ఇచ్చింది మర్ఫా. నగారా లాంటి మర్ఫా, డఫ్, ఢోల్, వాటికి జతగా ఒక ఉక్కు బిందె. మగవాళ్లు కత్తులూ కర్రలూ తిప్పుతూ గుండ్రంగా ఆడతారు. 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి. కొన్ని కుటుంబాలకు మర్ఫాయే బతుకుతెరువయింది. ముస్లిం పెళ్లిళ్ల బారాత్‌లో మొదలైన పిలుపులు హిందువుల పెళ్లిళ్లకూ వినాయకుడి నిమజ్జనానికీ పాకాయి.

ఇంకో తోలు దీనికంటే పాతది, ఈ నేలదే. చెక్క బద్దను గుండ్రంగా వంచి చర్మం బిగించిన డప్పు. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. వాయించే ముందు గడ్డి మంట మీద కాచి బిగువు తెచ్చుకోవాలి. చావుకైనా జాతరకైనా డప్పు లేనిదే ఊరు కదలదు, కానీ దాన్ని వాయించే మాదిగ కళాకారుణ్ణి ఊరు గడపలోకి రానివ్వలేదు. తీన్మార్ మర్ఫాలోంచి పుట్టిందని కొందరు, డప్పు దరువే అని కొందరు వాదించుకుంటారు. నాకు ఈ వాదన అంత ముఖ్యమనిపించదు. పేరు ఉర్దూది, ఊపు మర్ఫాది, చెయ్యి డప్పుది. మూడు దెబ్బలు పడతాయి, నాలుగోది పడాల్సినచోట ఖాళీ ఉంటుంది, కాలు లేచేది ఆ ఖాళీలోనే.

ఆ ఖాళీని నిండుగా చూడాలంటే ఆషాఢంలో సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర నిలబడాలి. ఆ గుడి కూడా దండు చలవే. సురిటి అప్పయ్య అనే మిలిటరీ డోలీ బేరర్ బదిలీ మీద ఉజ్జయిని వెళ్లాడని, 1813లో ఇక్కడ కలరా చెలరేగినప్పుడు అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహం నిలిపాడని గుడి కథ. ఇంగ్లీషు దండు కూలివాడు తెచ్చిన దేవత, మాదిగ డప్పు, సిద్దీల దరువు, క్లారినెట్టు ఊదే బ్యాండు మాస్టరు. వీటన్నిటి నడుమ పసుపు పూసుకుని కొరడా ఝళిపించే పోతరాజు. ఘటం ఊరేగింపు వెంట నడిచేవాడికి ఏ దెబ్బ ఎక్కడిదో విడదీయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఆఫ్రికా అనగానే ఒకే తాళమని అనుకోవద్దు. మన దగ్గరికి వచ్చింది తూర్పు ఆఫ్రికా, అదీ అరబ్బు రేవుల మీదుగా. జమైకాకు పోయింది పశ్చిమ, మధ్య ఆఫ్రికా, అదీ బానిస ఓడల్లో సంకెళ్లతో. బంధుత్వం దరువులో కంటే దరువు కొట్టినవాళ్ల బతుకుల్లో ఎక్కువ. మన దేశానికీ జమైకాకూ నేరుగా చుట్టరికం ఉంది, అది వేరే కథ. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను ఓల్డ్ హార్బర్ రేవులో దించింది. 1917 దాకా ముప్పైవేలకు పైగా మంది వెళ్లారు. వాళ్లు మొహర్రం తాజియాలను హోసే అనే పండగగా, తాషా డోలు మోతతో అక్కడి వీధుల్లోకి తెచ్చారు. గయానాకు పోయిన మద్రాసీలు, అంటే మన తెలుగువాళ్లూ తమిళులూ, తప్పెటను తీసుకెళ్లారు. కాళీ పూజల్లో అది ఇంకా మోగుతోంది. దాని గురించి విడిగా ఒక వారం కేటాయించాలి.

కింగ్‌స్టన్‌కు వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ఊళ్లో పెద్ద హోటళ్లలో పెద్దమనుషులకు పెద్ద బ్యాండ్లు వాయించేవి. పేటల్లో జనానికి ఆ టిక్కెట్టు అందదు. ఇనుప సామాన్ల కొట్టు నడిపే టామ్ వాంగ్ అనే చైనా జమైకన్ దీనికో ఉపాయం కనిపెట్టాడు: పెద్ద లౌడ్‌స్పీకర్లు, యాంప్లిఫయరు, ఒక గ్రామఫోను, రోడ్డు పక్క ఖాళీ జాగా. యాంప్లిఫయరు కట్టిచ్చింది హెడ్లీ జోన్స్. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని చేసి వచ్చినవాడు. దీన్నే సౌండ్ సిస్టమ్ అన్నారు. టామ్ ది గ్రేట్ సెబాస్టియన్ అనే పేరుతో వాంగ్ మొదలుపెట్టిన ఆటలోకి మరో ఇద్దరు దిగారు. ఒకడు డ్యూక్ రీడ్, పోలీసు ఉద్యోగం వదిలి సారాయి కొట్టు పెట్టుకున్నవాడు, నడుముకు పిస్తోలు కట్టుకుని డాన్సుకు వచ్చేవాడు. రెండోవాడు క్లెమెంట్ డాడ్, కాక్సన్ అని ముద్దుపేరు, అమెరికా దక్షిణాది పొలాల్లో సీజను కూలీగా పోయి వస్తూ రికార్డులు మూటగట్టుకు వచ్చేవాడు.

అందరి అవసరం ఒకటే: పక్కవాడి దగ్గర లేని రికార్డు. న్యూ ఆర్లియన్స్ రిథమ్ అండ్ బ్లూస్ అంటే జనం పడిచచ్చేవారు. మబ్బులేని రాత్రుల్లో అక్కడి రేడియో కింగ్‌స్టన్‌లో వినబడేది కూడా. కొత్త రికార్డు దొరికితే దాని మీది లేబులు గోకేసి, పాట పేరు తెలియకుండా చేసి వాయించేవారు. విల్లిస్ జాక్సన్ అనే అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడి రికార్డుకు డాడ్ ‘కాక్సన్ హాప్’ అని సొంత పేరు తగిలించి కొన్నేళ్లు ఏలాడు. చివరికి డ్యూక్ రీడ్‌కు అసలు రికార్డు దొరికింది, ఒక రాత్రి డాడ్ కళ్లముందే తన స్పీకర్లలో మోగించాడు. పెళ్లి పందిట్లో నగల గుట్టు బయటపడ్డట్టు అయింది డాడ్ పరిస్థితి.

ఈ పందెం ఎక్కువ కాలం సాగలేదు. 1950ల చివరికి అమెరికాలో జనం రుచి మారింది, రాక్ అండ్ రోల్ గాలి వీచింది. కింగ్‌స్టన్ జనానికి కావలసిన పాత ఊపు రికార్డులు అక్కడ అచ్చవడం తగ్గిపోయింది. సరుకు ఆగింది, శనివారం డాన్సు మాత్రం ఆగదు. స్కా పుట్టడానికి అసలు కారణం ఇదే అంటాను. డాడ్, రీడ్ స్టూడియో అద్దెకు తీసుకుని, ఆల్ఫా బడి నుంచి వచ్చిన బాకావాళ్లను కూర్చోబెట్టి తమ డాన్సులకు తామే రికార్డులు చేయించుకోవడం మొదలుపెట్టారు. అవి అమ్మడానికి కూడా కాదు, తొలిరోజుల్లో స్పీకర్లలో వేసుకోవడానికే. జనం డబ్బిస్తామంటే తర్వాత అమ్మారు. కళ కోసం కళ అనేవాళ్లు ఈ భాగం చదవకపోవడం మంచిది.

ఆ రికార్డింగుల్లో ఒక తమాషా జరిగింది. మెంఫిస్ గాయకుడు రాస్కో గోర్డన్ పియానోలో ఒక వాలు నడక ఉండేది, దెబ్బ కాస్త ఆలస్యంగా పడ్డట్టు. కింగ్‌స్టన్ వాళ్లు దాన్ని పట్టుకుని లాగారు. మీరే చేసి చూడండి: కాలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తట్టండి. అంకె మీద చెయ్యి వెయ్యకండి, అంకెకూ అంకెకూ నడుమ ‘చక్’ అని కొట్టండి. గిటారూ పియానో ఆ నడిమి చోటునే కాస్తాయి, బేస్ గిటారు మాత్రం తిన్నగా అడుగులేస్తూ పోతుంది. తాళం పడ్డాక పాటెత్తుకోవడాన్ని మన సంగీతంలో అనాగత గ్రహం అంటారు. స్కాలో ఎత్తుగడ ఒక్కటే కాదు, పాట పొడుగునా నడిచేది అనాగతంలోనే. పైన ట్రాంబోను, ట్రంపెట్టు, శాక్సఫోను దండు బ్యాండులా బారులు తీరి ఊదుతాయి. కవాతు చెయ్యాల్సిన ఇత్తడి ఆడడం మొదలుపెట్టింది.

తోలు సంగతి ఏమిటి? కింగ్‌స్టన్‌కూ ఒక డప్పు ఉంది. పేరు బురు. పెద్ద బేస్, ఫుందే, రిపీటర్ అని మూడు డ్రమ్ముల జట్టు. తోటల్లో బానిసల పనికి ఊపు ఇచ్చిన వాయిద్యం. బానిసత్వం పోయాక పేటల్లోకి వచ్చింది, పనీపాటా లేనివాళ్ల మోత అని పెద్దమనుషుల చీవాట్లు తిన్నది. రాస్తఫారీలు అనే మతశాఖ వాళ్లు దాన్ని చేరదీశారు. కౌంట్ ఒస్సీ అనే డ్రమ్మర్ వరైకా కొండ దగ్గర పెట్టిన మఠం లాంటి చోట రాత్రుళ్లు ఈ డ్రమ్ములు మోగేవి. ఆల్ఫా బాకావాళ్లు డ్యూటీ అయ్యాక అక్కడికి చేరి తెల్లవార్లూ వాటితో కలిసి వాయించేవారు. బడిలో నేర్చిన స్వరం, కొండ మీద నేర్చిన దరువు.

ఈ డ్రమ్ములు వేదిక ఎక్కడానికి ఒక స్త్రీ కారణమని చెబుతారు. అనితా మహఫూద్, మార్గరీటా అనే పేరుతో నాట్యం చేసేది. పేరున్న డాన్సరు. కౌంట్ ఒస్సీ డ్రమ్ములు లేకపోతే తాను వేదిక ఎక్కనని వీర్ జాన్స్ అనే నిర్వాహకుడి దగ్గర పట్టుబట్టిందట. రాస్తఫారీలను వేదిక మీద చూడడానికి ఇష్టపడని ఆయన, ఆమె లేకుండా ఆట రక్తికట్టదు కాబట్టి ఒప్పుకున్నాడు. జనం విరగబడి చప్పట్లు కొట్టారు. 1960లో ప్రిన్స్ బస్టర్ అనే కుర్ర నిర్మాత ఇంకో అడుగు వేశాడు. డాడ్ దగ్గర పనిచేసి బయటికి వచ్చినవాడు, పెద్దవాళ్లతో పోటీకి దిగడానికి వాళ్ల దగ్గర లేనిది ఏదో కావాలి. కొండెక్కి కౌంట్ ఒస్సీని తీసుకొచ్చి ఫోక్స్ బ్రదర్స్ పాడిన ‘ఓ కెరోలినా’లో ఆ డ్రమ్ములనే ముందు నిలబెట్టాడు. బురు మోత రికార్డు మీదికి ఎక్కింది. రేడియోలో వినబడ్డది.

1962 ఆగస్టు 6న జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది, స్కా ఆ ఉత్సాహానికి నేపథ్య సంగీతమయింది. మరుసటేడు డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ తెరిచాడు. 1964 మధ్యలో కింగ్‌స్టన్ స్టూడియోల మేటి వాద్యగాళ్లు స్కాటలైట్స్ అనే బృందంగా ఏర్పడ్డారు. టామీ మెకూక్, డాన్ డ్రమండ్, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్, నలుగురూ ఆల్ఫా పిల్లలే. ఆ బడిలో సిస్టర్ ఇగ్నేషియస్ అనే సన్యాసిని వీళ్లకు రికార్డులు వినిపించేది, సౌండ్ సిస్టమ్ పెట్టి తానే డీజే పని చేసేది. బృందం నిలిచింది పద్నాలుగు నెలలు. ట్రాంబోనుతో కన్నీళ్లు పెట్టించే డ్రమండ్ మనసు చెదిరిన మనిషి. 1965 జనవరి మొదట్లో ఒక తెల్లవారుజామున మార్గరీటాను, తనతో కాపురముంటున్న ఆ మార్గరీటానే, కత్తితో పొడిచి చంపాడు. బెల్‌వ్యూ పిచ్చాసుపత్రిలో పెట్టారు, 1969లో అక్కడే పోయాడు. డ్రమండ్ మేధ గురించి పేజీలు రాస్తారు, మార్గరీటాకు ఒక వాక్యం. బురు డ్రమ్ములను వేదిక ఎక్కించిన మనిషికి ఇది తక్కువ.

ఈలోగా స్కా విదేశాలకు ఎగుమతి అయింది. 1964లో మిల్లీ స్మాల్ పాడిన ‘మై బాయ్ లాలిపాప్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానం దాకా పోయింది. అదే ఏడు న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు మంత్రి ఎడ్వర్డ్ సియాగా జమైకా బృందాన్ని పంపాడు. వెనక వాయించడానికి స్కాటలైట్స్ పోలేదు, పైపేటల హోటళ్లలో వాయించే బైరన్ లీ బృందం పోయింది. నున్నగా దువ్విన తలలు, ఇస్త్రీ సూట్లు. కిందిపేటల వాళ్లు ఆ అవమానం మర్చిపోలేదు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రాత్రి వేదిక మీద ఆడిన వాళ్లలో మనవాళ్లు లేరే అని ఇక్కడ గొణుగుడు వినబడ్డప్పుడు నాకు బైరన్ లీ గుర్తొచ్చాడు. ఆ పాట ఆరు మాత్రల నడక మన వీధులకు ఎంత దగ్గరో, పాడిన ఇద్దరిలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాద్ పాతబస్తీ గల్లీల నుంచి వచ్చినవాడని మనకు తెలుసు, చూసే ప్రపంచానికి ఆ గొడవ లేదు.

ఇక మొదటి ప్రశ్న. కింగ్‌స్టన్‌లో కొరత స్కాను పుట్టించింది. మన దగ్గర ఆ కొరత ఎప్పుడూ లేదు. సినిమా ఉంది. ప్రతి శుక్రవారం కొత్త పాటలు, రేడియోలో పాటలు, మైకుసెట్టు వాడి దగ్గర పాటలు. లష్కర్ బ్యాండు మాస్టరుకు సొంత బాణీ కట్టాల్సిన పని పడలేదు, మొన్నటి హిట్టు నేర్చుకుంటే చాలు, నేర్వకపోతే పెళ్లివారు డబ్బులు కోస్తారు. అందువల్ల ఇత్తడి ఎప్పుడూ ఇంకొకరి పాటే ఊదింది, తోలు ఆ పాట కింద తన దరువు తాను కొట్టుకుంది. బాణీ ఏ సంగీత దర్శకుడిదైనా కావచ్చు, ‘తీన్మార్ కొట్టు’ అని పెళ్లికొడుకు దోస్తులు అరవగానే పాట పక్కకు జరిగేది. డండణక మోగేది. ఎవరి పేరుమీదా లేని సంగీతం అది. డాడ్‌కూ బస్టర్‌కూ వచ్చిన హక్కు డబ్బులు ఏసీ గార్డ్స్ మర్ఫావాడికి రాలేదు, రికార్డే లేనిచోట హక్కెక్కడిది? జమైకాలోనూ వాద్యగాళ్లకు దక్కింది ఆనాటి కూలి మాత్రమే, లాభం నిర్మాతలది. అయినా లేబులు మీద పేరైనా మిగిలింది.

మన తోలు రికార్డుకెక్కడం సినిమా దారిలో జరగలేదు, ఉద్యమం దారిలో జరిగింది. ఆ దారి సికింద్రాబాదు మీదుగానే పోయింది. అల్వాల్ పక్కన వెంకటాపురం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ ఇంజనీరింగ్ చదువు వదిలి, బ్యాంకు గుమాస్తాగా కొన్నాళ్లు పనిచేసి, ఆ ఉద్యోగమూ వదిలి గద్దర్‌గా మారి అక్కడే కాపురమున్నాడు. 1970ల మొదట్లో బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ సంఘంతో మొదలైన దారి జననాట్యమండలి అనే నక్సలైట్ ఉద్యమ కళాబృందం అయింది. నర్సింగరావు తీయించిన ‘మా భూమి’లో గద్దర్ తెరమీద కనబడి పాడాడు. ఆ తర్వాతి పదేళ్లు పాట నడిచింది క్యాసెట్ల మీద. చవక టేపురికార్డరు, ఒక మూల మైకు, ఒక డప్పు, కాళ్లకు గజ్జెలు. కింగ్‌స్టన్ వాళ్లకు ఏడంగుళాల రికార్డు చేసిన పని తెలంగాణలో క్యాసెట్టు చేసింది: సినిమావాణ్ణీ రేడియోవాణ్ణీ అడక్కుండా పాట ఊరూరూ తిరిగింది. అజ్ఞాతం నుంచి వచ్చాక 1990లో నిజాం కాలేజీ మైదానంలో ఆయన సభకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లు దాన్ని ఇంకా చెప్పుకుంటారు. 1997 ఏప్రిల్ 6న వెంకటాపురం ఇంట్లోనే ఆయన మీద కాల్పులు జరిగాయి. బతికాడు. 2023లో పోయినప్పుడు అక్కడే, తాను పెట్టిన మహాబోధి బడి ఆవరణలో సమాధి చేశారు. పోయిన తేదీ ఆగస్టు 6, జమైకా స్వాతంత్ర్య దినం.

గద్దర్ వెంట మోగిన డప్పు వేదిక మీదికి వచ్చింది, మార్గరీటా వెంట బురు వచ్చినట్టే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ ఉద్యమం దండోరాయే తన గుర్తుగా ఎత్తుకుంది. 2002లో మొదలైన తెలంగాణ ఉద్యమపు ధూం ధాం సభల్లో ఆ మోత వేల మందిని ఆడించింది. తీన్మార్ ఆ తర్వాత టీవీ వార్తల కార్యక్రమం పేరయింది, 2011లో పవన్ కల్యాణ్ సినిమా పేరయింది. మర్ఫా మాత్రం ఈ వెలుగులో లేదు, దానికొక గద్దర్ దొరకలేదు.

జమైకాలో స్కా 1966కల్లా నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కల్లా రెగె అయింది. 1966లో ఎండలు మండిపోవడం వల్ల జనం వేగంగా ఆడలేకపోయారని ఒక ముచ్చట చెబుతారు, వినడానికి బాగుంటుంది. స్కా రెండో జన్మ ఇంగ్లండులో. రికో రోడ్రిగెజ్ అనే ట్రాంబోను విద్వాంసుడు ఆల్ఫాలో డ్రమండ్ దగ్గర నేర్చుకున్నాడు, వరైకా కొండ మీద వాయించాడు, 1961లో లండన్ చేరాడు. 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన ఒక పాటలో ఊదాడు. పన్నెండేళ్ల తర్వాత కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న కొవెంట్రీలో జెర్రీ డామర్స్ అనే కుర్రాడు 2 టోన్ అనే కంపెనీ పెట్టి, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసిన స్పెషల్స్ బృందంతో అదే పాట మళ్లీ పాడించాడు. ట్రాంబోను మళ్లీ రికోదే. 1981 జూలైలో వాళ్ల ‘ఘోస్ట్ టౌన్’ మొదటి స్థానంలో ఉండగా బ్రిటన్ నగరాలు అల్లర్లతో తగలబడుతున్నాయి. అంతకు కొన్ని వారాల ముందే కొవెంట్రీలో ఒక పంజాబీ విద్యార్థి జాతి ద్వేషానికి బలైతే, స్పెషల్స్ ఊళ్లో కచేరీ పెట్టి నిరసన తెలిపారు. తర్వాత అమెరికన్ పిల్లలు పంక్‌తో కలిపి దీన్ని మూడోసారి తిప్పారు, దాని గురించి నాకంత ఉత్సాహం లేదు. మన దేశంలో ఢిల్లీలో 2009లో స్కా వెంజర్స్ అనే బృందం వెలిసింది.

సికింద్రాబాదుకు స్కా వచ్చిందా అంటే బాకా రూపంలో రాలేదు. లౌడ్‌స్పీకరు రూపంలో వచ్చింది. ఇవాళ బోనాల్లో, నిమజ్జనంలో డీసీఎం వ్యాను మీద మనిషెత్తు బాక్సులు పేర్చి, పక్క బస్తీ బాక్సుల కంటే మనది గట్టిగా మోగాలని పందెం వేసుకునే కుర్రాళ్లు, తెలియకుండానే డ్యూక్ రీడ్ వారసులు. ఆ మోతకు తట్టుకోలేక 2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసు కమిషనర్ మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. జమైకా ప్రభుత్వం ఇలాంటి చట్టం 1997లోనే చేసింది. అయితే ఆ బాక్సులు కింగ్‌స్టన్ నుంచి నేరుగా లష్కర్‌కు రాలేదు. 1967లో క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కింగ్‌స్టన్ పిల్లవాడు తల్లిదండ్రుల వెంట న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు పోయాడు. 1973 ఆగస్టు 11 సాయంత్రం, బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కావాలని చెల్లెలు సిండీ పెట్టిన పార్టీలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనం కింది గదిలో అతను రెండు టర్న్‌టేబుళ్లు సర్దుకున్నాడు. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు. వచ్చే వారం ఆ గదిలోకి పోదాం.